రజియా ఆపా శనివారపు అబద్ధం

నిన్న మధ్యాహ్నం దవాఖాన కింద చాయ్ తాగుతున్నాను. రజియా ఆపా తమ్ముడు ఖలీల్ మెట్లు దిగి వచ్చి, "అయిపోయింది మల్లన్నా" అన్నాడు.

"ఏమైపోయింది?" అని అడిగాను.

మనిషి బుర్ర అట్లా మొద్దుబారిపోతుంది.

ఏడుపు మాత్రం రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే పిల్లలకు, మడికొండలో తన ఇంటి హాల్లో కూర్చోబెట్టి, ఆపా రాయడం, ఆలోచించడం నేర్పేది. నాకంటే చిన్నదే. అయినా అందరితోపాటు నేనూ ఆపా, అంటే అక్కా అనే పిలిచేవాణ్ని.

నేను బడి మొహం చూడలేదు. ఎనుమాముల మార్కెట్లో దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడే మిర్చి దలాల్‌గా బతికాను. అట్లాంటివాడికి ఆ క్లాసులో ఏం పని?

అబద్ధాలు చెప్పడం.

నిజంగానే. ప్రతి శనివారం నేనొక కథ చెప్పాలి. అందులో ఒక్క అబద్ధం కలపాలి. పిల్లలు దాన్ని పట్టుకుని, ఎట్లా పట్టుకున్నారో సొంత మాటల్లో రాయాలి. "నాకు అట్లా అనిపించింది" అని రాస్తే ఆపా పేపర్ తిరిగిచ్చేసేది.

ఒకసారి ఖిలా వరంగల్ కోట కింద సొరంగం ఉందనీ, మా తాత అందులో గుర్రమెక్కి పోయాడనీ మొదలుపెట్టాను. హాసిని అని పన్నెండేళ్ల పిల్ల చెయ్యెత్తింది.

"నువ్వు చూసినవా తాతా?"

"లేదు బిడ్డా, మా నాయిన చెప్పిండు."

"ఆయన గూడ గుర్రం ఎన్క కూసున్నడా?"

ఆపా దస్తీ అడ్డం పెట్టుకుని నవ్వింది. "మల్లన్నా, జర పకడ్బందీగ చెప్పరాదు! పిల్లలకు పనే లేకపాయె."

ఇక నాకు అసహ్యం వేసిన సంగతి.

నిన్న ఇంకా ఖననం కూడా కాలేదు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టాడు: "ఆపా చివరి క్షణం వరకూ చిరునవ్వుతో పాఠం చెబుతూ కన్నుమూశారు." ఆయన దవాఖాన గడప కూడా తొక్కలేదు.

కింద వరసగా అదే మెసేజ్. అవే పూలు. అవే దండాలు. ఒకామె ఏ యాప్‌తో రాయించిందో, ఆపా పేరు ఉండాల్సిన చోట "పేరు ఇక్కడ" అని అట్లాగే వదిలేసింది.

బట్టీ చదువులు వద్దని పిల్లల్ని బడి మాన్పించినవాళ్లు వీళ్లు!

థూ.

హాసిని, వాళ్లమ్మ ఫోన్‌లోంచి ఒక్క ముక్క అడిగింది: "అంకుల్, మీరు చూసిండ్రా?"

గ్రూపులో ఆ ప్రశ్న డిలీట్ అయింది. వాళ్ల నాన్న పిల్లతో అందరి ముందూ సారీ చెప్పించాడు. ఆ సారీకి లైకులే లైకులు. సంస్కారం నేర్పారట.

ఆపా ఇన్నేళ్లూ నేర్పింది ఆ ఒక్క ప్రశ్నే. ఆమెను మట్టిలో పెట్టకముందే దాన్ని పూడ్చిపెట్టారు.

వినండి. నిన్న పొద్దుటి నుంచి నేను మంచం పక్కనే ఉన్నాను. ఆపా నవ్వలేదు. ఆయాసానికి మాటే రాలేదు. చివరి నిమిషంలో నేను లేను, ఖలీల్ ఉన్నాడు. సైగతో నీళ్లు అడిగిందనీ, గ్లాసు అందించేలోపే పోయిందనీ ఆయన చెప్పాడు.

ఇది చాలదా మీకు? పైన చిరునవ్వు పూయాలా?

ఈ పొద్దున హాసిని, వాళ్లమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది.

"తాతా, నేను తప్పు జేసిన్నా?"

"అందరిల నువ్వొక్కదానివే పాఠం అప్పజెప్పినవ్ బిడ్డా. ఇంకోపారి సారీ చెప్పకు."

ఆపా గురించి ఇంతవరకూ రాసింది చదివి వినిపించాను. పిల్ల నా మొహంలోకి చూసింది.

"ఏడుపు రాలేదన్నవ్. మరి కండ్లెందుకు ఎర్రగున్నయ్?"

"మిర్చి ఘాటు."

"నువ్వు యాపారం బంద్ జేసి ఎన్నేండ్లాయె తాతా?"

దొరికిపోయాను ఆపా.

హాసిని శనివారం మళ్లీ వస్తానంది. కొత్త అబద్ధం వెతుక్కోవాలి.

పోయిరా ఆపా. "నువ్వు చూసినవా?" అని అక్కడ ఎవరినీ నిలదీయకుండా, కొన్నాళ్లు హాయిగా నిద్రపో.