పాత దూదిని ఏకినట్టు

మా జువాలజీ సార్ పోయారు. పోయిన బుధవారం పొద్దున, నేను పనిచేసే ఆసుపత్రిలోనే, ఐసీయూలో. కింది అంతస్తులో నేను లాబ్ టెక్నీషియన్‌ని. పైనుంచి నర్సు వచ్చి, "మేడమ్, మీ సార్ పోయారండీ" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయింది. చేతిలో ఉన్న పని పూర్తి చేసుకుని పైకి వెళ్ళాను. ఇది గొప్పకి చెప్పడం లేదు, అలా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఆయన మీకు తెలిసి ఉండకపోవచ్చు. పుస్తకాలు రాయలేదు, శాలువాలు కప్పించుకోలేదు. తొంభైల్లో విజయవాడలో ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళలో కొందరికైనా గుర్తుండే ఉంటారు. భవానీపురం నుంచి స్కూటరు మీద వచ్చేవారు. పొద్దున ఆరున్నరకల్లా క్లాసులో ఉండేవారు. కొత్త సుద్దముక్కను ముందు రెండుగా విరిచి, సగం జేబులో వేసుకునేవారు. అందుకని ఆయన చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. దిద్దేసిన పాత పేపర్లు పారెయ్యనిచ్చేవారు కాదు. వాటి వెనకవైపు కణం బొమ్మ గీసి, మార్కులు తక్కువ వచ్చినవాళ్ళకి పంచేవారు. ఆ బొమ్మలు నా దగ్గర చాలానే పోగుపడ్డాయంటే నా చదువు సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

లైసోజోముల పాఠం ఒకటి చెప్పాలి. కణంలో జీర్ణరసాలు నిండిన చిన్న సంచులవి. అవి పగిలితే కణం తనను తానే అరిగించుకుని చస్తుంది కాబట్టి మా పుస్తకం వాటిని ఆత్మహత్యా సంచులు అంది. సార్ ఆ పేరు బోర్డు మీద రాసి, కింద గీత గీసి, మా వైపు తిరిగారు.

"రాయండి, మార్కు తెచ్చుకోండి. నమ్మకండి."

ముందు బెంచీ వాళ్ళు కంగారు పడ్డారు. "అదేంటి సార్, ఎంట్రన్స్‌లో అడుగుతారు కదా?"

"అందుకే రాయమన్నా. ఇప్పుడు వినండి. మా నాన్న దూదేకేవాడు. పాత పరుపు తెచ్చిస్తే ఏం చేసేవాడు? పారేసేవాడా? కుట్లు విప్పి, గట్టిపడిన దూది బయటికి లాగి, ఎండలో పోసి ఏకేవాడు. దుమ్ము ఎగిరిపోయేది. మంచి దూది మిగిలేది. దాంతోనే మళ్ళీ పరుపు కుట్టేవాడు. కాస్త చిన్నదయ్యేది, అంతే! తిండి దొరకనప్పుడు కణం కూడా ఇదే చేస్తుంది. తనలో చెడిపోయినవి విప్పుకుని, పనికొచ్చేది మళ్ళీ వాడుకుంటుంది. దీన్ని ఆత్మహత్య అంటారా ఎవరైనా?"

నాకు ఆ మాట తెగ నచ్చేసింది. తర్వాతి పరీక్షలో ఆత్మహత్యా సంచుల ఊసెత్తకుండా పరుపులు, దూది, దుమ్ము అంతా రాసి వచ్చాను. ఆయనే సున్నా వేశారు. ఒళ్ళు మండిపోయి స్టాఫ్ రూముకి వెళ్ళాను.

"మీరే కదా సార్ నమ్మొద్దన్నారు!"

"నమ్మొద్దన్నా గానీ రాయొద్దన్నానా తల్లీ?" అని పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. ఆ కోపం చాలా రోజులు ఉంది. మెడిసిన్ సీటు రాలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాత కొన్నేళ్ళకి మా అమ్మ కాల్లో మేకు దిగింది. మాది పెడన, నేత కుటుంబం. పసుపు పెట్టి కట్టు కట్టుకుని పనిలో పడిపోయింది. వారం తిరక్కుండా చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కింది. విజయవాడ తీసుకొచ్చేసరికి స్పృహ లేదు. తర్వాత కిడ్నీలు ఆగిపోయాయి, డయాలసిస్ పెట్టారు. నాలుగు రోజులు చూసి డాక్టరు గారు, "చెప్పలేమండీ. ఇంకొన్నాళ్ళు ప్రయత్నిద్దామంటే సరే, మీ ఇష్టం" అన్నారు. మా బాబాయి ఇంటికి తీసుకెళ్ళిపోదామన్నాడు. "ప్రాణం సొంత గుమ్మంలో పోవాలి గానీ, ఈ గొట్టాల మధ్య ఏంటే?" అన్నాడు. నేను అప్పటికే లాబ్ పనిలో చేరి రోజూ రిపోర్టులు చూసేదాన్ని కాబట్టి నాకూ ఆశ పోయింది. తీసుకెళ్ళిపోతామని సంతకం పెట్టడానికే సిద్ధపడ్డాను.

ఆ రోజే ఎవరో చెప్పగా విని సార్ వచ్చారు, చేతిలో కొబ్బరి బోండాంతో. విజయవాడలో ఎవరు ఆసుపత్రికి వచ్చినా బోండాం లేకుండా రారు కదా. ఐసీయూ నర్సు తలుపు దగ్గరే పట్టుకుంది.

"కిడ్నీలు పనిచెయ్యని మనిషికి కొబ్బరి నీళ్ళేంటండీ? పొటాషియం పెరిగి గుండె ఆగిపోద్ది!"

సార్ మొహం ఎర్రబడింది. "పాఠం చెప్పడమే గానీ నా బుర్రకి ఎక్కలేదమ్మా" అని, ఆ బోండాం మా బాబాయి చేతిలో పెట్టి తాగమన్నారు. తర్వాత చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశారు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ప్రింటు తీయించుకొచ్చారట. నన్ను వదిలేసి నాన్న పక్కన కూర్చున్నారు.

"మగ్గం ఆగిందంటే విరిగిపోయినట్టేనా అండీ?"

"కాదండీ. పోగు తెగితే ఆపి, అతుక్కుని, మళ్ళీ నేస్తాం."

"ఆవిడ కిడ్నీలో కణాలు కూడా చచ్చిపోయి ఉండకపోవచ్చు. ఇంత విషం మీద పడినప్పుడు పని ఆపేసి, లోపల పాడైనదంతా ఊడ్చుకుంటాయేమో అని ఇప్పుడిప్పుడే అంటున్నారు. లోపలికి దూరిన క్రిముల్ని కూడా లోపలుండే చిన్న సంచుల్లో వేసి అరిగిస్తాయంట."

"అయితే బతుకుద్దాండీ?"

"తెలీదండీ. చెత్త మరీ ఎక్కువైతే ఊడ్చేవాడే పడిపోతాడు. మందులు పనిచేస్తున్నాయని డాక్టరు గారు అంటుంటే కొన్నాళ్ళు ఆగొచ్చు. నాకు తెలిసింది అంతే."

నాకు మళ్ళీ కోపం వచ్చింది. "ఏదో ఒకటి గట్టిగా చెప్పండి సార్!"

"గట్టిగా చెప్తే అబద్ధమవుద్దమ్మా."

నాన్న ఆగుదామన్నాడు. ఆగాం. సార్ రోజూ కాలేజీ అయ్యాక వచ్చి ఓ పది నిమిషాలు నిలబడి వెళ్ళేవారు. ఒక సాయంత్రం అమ్మ మూత్రం సంచిలో రెండు వేళ్ళ ఎత్తు పడింది. ఆయన కళ్ళజోడు తీసేసి, మోకాళ్ళ మీద వంగి, ఆ సంచినే చూస్తూ ఉండిపోయారు. లేచేటప్పుడు నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. అమ్మ ఇప్పుడు కొంచెం కుంటుతుంది. మగ్గానికి నూలు కండెలు చుడుతుంది, నాన్న మీద కేకలేస్తుంది, బాగానే ఉంది.

ఈసారి మంచం మీద ఉన్నది ఆయన. ఊపిరితిత్తుల్లో మొదలైన ఇన్ఫెక్షను రక్తానికి పాకింది. ఆయనకీ కిడ్నీలు ఆగాయి. వాళ్ళ చుట్టాలు ఇంటికి తీసుకెళ్దామన్నారు. ఆంటీ, అంటే సార్ భార్య, లాబ్‌కి దిగి వచ్చి నన్ను బయటికి పిలిచింది.

"నువ్వు చెప్పమ్మా. ఉంచమంటావా, తీసుకెళ్ళమంటావా? డాక్టరు గారు మమ్మల్నే తేల్చుకోమంటున్నారు. ఆయన మెలకువలో ఉంటే నిన్నే అడగమనేవారు."

రిపోర్టు ఇవ్వడం వేరు, ఇది వేరు. గట్టిగా ఏదైనా చెప్పెయ్యాలనే అనిపించింది. గట్టిగా చెప్పమని నేను అడిగిన రోజు ఆయనకి ఎంత భారంగా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"తెలీదు ఆంటీ. ఆగొచ్చు" అన్నాను.

ఆమె ఆగింది. ఆరు రోజులు ఐసీయూ బయట కుర్చీలో కూర్చుంది. ఏడో రోజు పొద్దున ఆయన పోయారు. ఆ సాయంత్రమే ఖననం అయింది.

మూడో రోజు భవానీపురం వెళ్ళాను. అమ్మ కూడా వస్తానంది, వద్దన్నాను. బతికి వచ్చిన మనిషిని ఆంటీ ఎదురుగా కూర్చోబెట్టడం నావల్ల కాలేదు. నేను కూర్చున్నాక ఆమే అడిగింది.

"ఇల్లు చూడకుండా పోయాడని మావాళ్ళంతా అంటున్నారు. ఆగి తప్పు చేశానా అమ్మా?"

బుధవారం తెల్లవారుజామున ఆయనకు తీసిన రక్తం నా దగ్గరే ఉండిపోయింది. కబురు తెలిశాక ఆ పరీక్ష ఇక చెయ్యక్కర్లేదు. కానీ అప్పుడు నా చేతిలో ఉన్న పని అదే. చేశాను. ఆ ఫలితం ఎవరూ అడగలేదు, ఫైలులోనూ పెట్టలేదు. బ్యాగులోంచి ఆ కాగితం, దాంతోపాటు ముందు రోజుదీ తీసి ఆమె ముందు పెట్టాను.

"బీపీ నిలబడక రెండు రోజులుగా డయాలసిస్ చెయ్యలేదు ఆంటీ. అయినా క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం, తగ్గింది. కిడ్నీలు మళ్ళీ పని మొదలెట్టాయి. గుండే ఆగిపోయింది."

"అంటే లోపల..."

"లోపల బాగుచేసుకుంటూనే ఉన్నారు."

ఆంటీ కాగితాన్ని దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టి చూసింది. ఇంగ్లీషు రాదు, చదవమంది. పేరు, వయసు, వార్డు, ముందు రోజు అంకె, ఆ రోజు అంకె చదివాను. రెండో అంకె ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి, తియ్యకుండా, "మళ్ళీ చదువు" అంది.