ఒక్కరే చదవకూడని ఫలితం

మా ల్యాబ్ మేడమ్ పోయారని ఆమె కిరాయికుండే ఇంటాయన ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. భద్రాచలంలో ఆమెకు నా అన్నవాళ్లు లేరు. ఆఖరున ఫోన్‌లో మాట్లాడింది నాతోనే కాబట్టి నాకు చేశాడు. చర్చివాళ్లు, ల్యాబ్‌వాళ్లం కలిసి వెళ్లినా సమాధి చుట్టూ ఖాళీయే ఎక్కువ కనిపించింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. కరోనా రోజుల్లో ఈ అడవి పల్లెల నుంచి వచ్చిన ముక్కు పుల్లలను పరీక్షించింది ఆమే. మెత్తగా మాట్లాడే మనిషి కాదు. ఎవరు టీ తెచ్చినా చల్లారి తొరక కట్టాకే తాగేవారు. పరీక్షలో వైరస్ కనిపించకపోతే మేం హాయిగా "లేదు" అనేసేవాళ్లం. ఆమెకు ఒళ్లు మండేది.

"లేదనకు బిడ్డా, దొరకలే అను. మనకు దొరకకుంటే వాళ్ల ఒంట్ల లేనట్టేనా?"

ఒకసారి దుమ్ముగూడెం అవతల ఒక ఊరి నమూనాలన్నిటిలోనూ వైరస్ కనిపించలేదు. మేం సంబరపడ్డాం. మేడమ్ మాత్రం తెర మీది గీతలు చూస్తూ ఉండిపోయారు. ప్రతి నమూనాలోనూ వైరస్‌తో పాటు మనిషి కణాల జాడ కూడా చూస్తాం. పుల్ల నిజంగా ముక్కులోకి వెళ్లిందనడానికి అదే సాక్ష్యం. ఆ గీత కూడా పైకి లేవలేదు.

"వైరస్ సంగతి తర్వాత. ఇందుల మనిషే లేడు గదా" అన్నారు.

మర్నాడు జీపులో నన్నూ వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లారు. తెలుగు బాగా వచ్చిన ఒక పెద్దమ్మ ఏమీ దాచలేదు. "మీవోళ్లు ఇచ్చిపోయిన పుల్లలు మేం ముక్కుల పెట్టుకోలే మేడం. వాగు నీళ్లల్ల ముంచి ఇచ్చినం. ఉందని తేలితే దవాఖానకు పట్కపోతరు, మళ్ల మనిషిని సూపియ్యరు" అంది.

ఇక తిట్లే అనుకున్నాను. మేడమ్ కాస్త దూరంగా జరిగి, మాస్కు దించి, అందరూ చూస్తుండగా పుల్ల తన ముక్కులోనే పెట్టుకున్నారు. కళ్ల నీళ్లు కారాయి, ఆగకుండా తుమ్ములొచ్చాయి. ఊరు ఊరంతా నవ్వింది. ఊపిరికి ఇబ్బంది లేనివాళ్లను ఊళ్లోని బడిలోనే ఉంచి చూసేలా అధికారులను అడుగుతానని మాటిచ్చారు. అడగడమే కాదు, పోట్లాడి సాధించారు కూడా. ఆ పెద్దమ్మే ముందుగా వచ్చి కూర్చుని ముఖం పైకెత్తింది.

ఈ మధ్య అడవిలోని చిన్న దవాఖానలకు పంపడానికి వైరస్‌ను పట్టే కొత్త మిషన్ వచ్చింది. గంటలోపే ఫలితం ఇస్తుందట. అది చెప్పేది నిజమో కాదో పాత పద్ధతితో సరిచూసే పని మా ఇద్దరిదీ. ఒకే నమూనాను ఆమె ఒక గదిలో పాత పద్ధతిలో, నేను పక్క గదిలో కొత్త మిషన్‌లో చూసేవాళ్లం. పేర్లుండవు, నంబర్లే. "నీకేం వచ్చిందో ముందే చెప్పకు. విన్నంక నా కన్ను గదే చూస్తది" అనేవారు. పని ముగిశాక గోడకు అటూ ఇటూ కూర్చుని ఒక్కో ఫలితం పైకి చదువుకునేవాళ్లం. తేడా వస్తే "ఆగు" అనేవారు. ఆ నమూనాను మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లం.

ఆ పని సగంలో ఉండగానే ఆమె పోయారు. రెండు గదుల పనీ నువ్వే చేసి జల్దీ ముగించు, మిషన్లు పినపాక దాకా పంపాలి అని పైనుంచి ఒత్తిడి. వాళ్ల తొందరా అబద్ధం కాదు, అక్కడ జ్వరాలతో మనుషులు ఎదురుచూస్తున్నారు. కానీ వైరస్‌ను మిషన్ పట్టుకోలేకపోతే, జబ్బున్న మనిషి ధైర్యంగా ఇంటికెళ్లి పిల్లల పక్కన పడుకుంటాడు. నా ఒక్కదాని కంటిని నమ్మి నేను సంతకం పెట్టలేనన్నాను. మాటలు పడ్డాను. ఖమ్మం నుంచి ఇంకొకరు రావాలి, అందాకా ఆమె గది పని ఆగింది. ఆమె లేని ల్యాబ్‌లో నాకు నిజంగా దిక్కుతోచడం లేదు.

నిన్న సాయంత్రం మిగిలిన నా వంతు పూర్తిచేశాను. అలవాటు కొద్దీ గోడవైపు తిరిగి మొదటి నంబరు, దాని ఫలితం పైకి చదివాను. అవతలి గదిలో ఫ్రిజ్ ఒక్కటే మోగుతోంది. రెండో నంబరు మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.