సోమన్న మిద్దె మీది ట్రంకుపెట్టె

తెల్లవారేసరికి ఉరుకుందమ్మ చేతివేళ్లు కొయ్యబారిపోయేవి. వేడినీళ్లలో కాసేపు ముంచితేగానీ వంగేవి కావు. వేళ్లు వంగకపోతే మగ్గం మీద తెగిన పోగు అతకలేదు. భర్త సోమన్నకు చూపు మందగించింది. పడుగుకు గంజి పెట్టడం, కండెలు చుట్టడం వరకే ఆయన పని. గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చునేది ఆమె. ఇద్దరి తిండీ ఆ వేళ్ల మీదే.

ఆలూరు దగ్గరి ఆ పల్లెలో ఇన్నాళ్లూ నీళ్లు కాచింది బంజరులో కొట్టుకొచ్చిన కంపతోనే. ఇప్పుడు ఆ బంజరు నిండా ఒక కంపెనీ సోలార్ పలకలు పరిచి, చుట్టూ ఇనుప కంచె వేసింది. ఎవరికీ పనికిరాని భూమి అని కాగితాల్లో రాసుకున్నారు. దాని మీద ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో రాసినవాళ్లు అడగలేదు. కంచె కింద దూరి కంప కొట్టబోయిన ఉరుకుందమ్మ చేతిలోంచి కాపలావాడు కొడవలి లాక్కుని పంపించేశాడు. ఇంట్లో ఉన్న గ్యాసు వంటకే చాలడం లేదు.

"ఎండంతా వాళ్లదేనా?" అన్నాడు సోమన్న. "మన మిద్దె మీద పడేది మనదే గదా."

పెళ్లినాటి ట్రంకుపెట్టె మూత ఊడబీకాడు. పక్కింటి ఈరక్క పారేసిన ఫ్రిజ్ వెనక ఉండే గొట్టాల చట్రాన్ని విప్పి, నల్లరంగు పూసి, పెట్టెలో పరిచాడు. పైన పాత కిటికీ అద్దం బిగించాడు. వెలుతురు కోసం మట్టిమిద్దెకు వదిలిన గవాచి పక్కనే రాళ్లు పేర్చి, పెట్టెకన్నా ఎత్తులో ప్లాస్టిక్ డ్రమ్ము నిలబెట్టాడు. పెట్టెకూ డ్రమ్ముకూ పైపులు కలిపాడు. ఇంకో పైపు గవాచిలోంచి ఇంట్లోకి దించాడు. ఆ గవాచి కిందే మగ్గం.

వేడి పోకుండా ఏదైనా కూరాలి. నేతగాడి ఇంట్లో ఏముంటుంది? చీర కోసినప్పుడల్లా మిగిలిన పడుగు పోగులు సంచుల్లో ఉన్నాయి. వాటిని పెట్టెలో కూరాడు, డ్రమ్ముకూ పైపులకూ మందంగా చుట్టాడు.

"ఏమప్పా సోమన్నా, ఫ్రిజ్జుతో నీళ్లు కాస్తాండావా?" అని కింద నుంచి నవ్వింది ఈరక్క. "మా ఇంట్లో ఉన్నన్ని దినాలు నీళ్లు సల్లగా చేసేకే దానికి శాతకాలేదు."

"నీ నోటి వేడికి అదేం తట్టుకుంటాది లేక్కా!"

మరుసటి తెల్లవారుజామున పైపు చివరి కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్లు వచ్చాయి. ఉరుకుందమ్మ చేతులు ముంచి, ఒక్కో వేలే మడిచి చూసుకుంది. "వంగుతాండాయి, సూడు." ఆ చలికాలమంతా ఆమె మగ్గం ఆగలేదు.

చలి వెనకబడుతున్న రోజుల్లో ఒక వేకువన, మగ్గం మీద నీళ్లు పడే చప్పుడుకు ఇద్దరూ లేచారు. గవాచిలోంచి ధారగా కారుతోంది. సగం నేసిన చీర అంచు ఎరుపు, తెల్లటి పడుగంతా పాకిపోయింది.

సోమన్న మిద్దె ఎక్కాడు. డ్రమ్ము అడుగున పైపును ఎలుకలు కొరికేశాయి. పోగులు పీకి చెల్లాచెదురు చేశాయి. ఒక పోగు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. జొన్న గంజి. తన చేత్తో తానే పెట్టిన గంజి.

"ఎలుకలకు కూడు సుట్టిపెట్టినా గదే," అన్నాడు కిందికి దిగి.

పడుగు, మగ్గం రెండూ షావుకారు ధనుంజయవి. కబురందగానే వచ్చాడు.

"నీళ్లు కాసుకోమంటే నా పడుగు ఉడకేసినావేమప్పా?"

"మల్లా నేసిస్తాది. ఒక్క తూరి..." అన్నాడు సోమన్న భార్య వైపు చూపిస్తూ.

"ఆ చేతుల్తోనా? కంపెనీలో పలకలు తుడిచేకి మనుషుల్ని తీసుకుంటాండారంట. ఆడికి పో."

మధ్యాహ్నానికి మగ్గం విప్పి ఆటోలో వేయించుకుపోయాడు. ఊళ్లో అందరూ ఎలుకల్ని తిట్టారు. కంచెను తిట్టినవాడు లేడు.

సోమన్న పెట్టెనూ డ్రమ్మునూ పెరట్లోకి దించి, ఈసారి చింకి గొంగళి చుట్టాడు. నీళ్లు మళ్లీ కాగుతున్నాయి. ఉరుకుందమ్మ పొద్దున్నే చేతులు ముంచుతుంది. వేళ్లు వంగుతాయి. ఆ తర్వాత ఖాళీ గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, సోమన్న తువ్వాలు అంచున తెగిన పోగుల్ని ఒకదానికొకటి ముడి వేస్తూ ఉంటుంది.

వీధి చివర కంపెనీ బండి హారన్ మోగింది.

"ఇయ్యే, పొద్దుపోతాంది," అన్నాడు సోమన్న చెయ్యి చాపి. "పలకలు తుడవల్ల."

ఆమె చివరి ముడి బిగించి తువ్వాలు ఇచ్చింది.