మొలక కట్టిన పిలుపు

రాయపోల్ రాజమల్లయ్యను నమ్మించడం కంటే బండరాయి మీద బెండ మొలిపించడం తేలిక. కిరాణా కొట్టులో తూచి ఇచ్చిన పప్పును ఇంటికొచ్చి మళ్లీ తూస్తాడు. దవాఖానలో రాసిచ్చిన గోళీలను ఇంకో డాక్టరుకు చూపించి గానీ మింగడు. ఇక విత్తనాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత పేరున్న సంచి తెచ్చినా సరే, గుప్పెడు తీసి తడిబట్టలో మూటకట్టి, మొలక చూశాకే దుక్కిలో వేస్తాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఊరంతా ఆయన్ని మెచ్చుకునేది. నకిలీ విత్తనాలు వేసి ఊళ్లో సగం మంది నెత్తిన గుడ్డేసుకున్న ఏడు కూడా ఆయన మక్కచేను నిలువెత్తు పెరిగింది. ఇంకేముంది, ఆ గెలుపు తలకెక్కింది. లోకమంతా విత్తనాల సంచే అనుకున్నాడు మహానుభావుడు.

చెల్లెలు స్వరాజ్యలక్ష్మితో చెడిందీ అందుకే. ఆమె భర్త రామేశ్వర్‌కు సిద్దిపేటలో ధాన్యం దుకాణం ఉంది. ఓసారి అక్కడికి మక్కలు తీసుకుపోయిన రాజమల్లయ్య, పదిమంది రైతులు చూస్తుండగా సంచిలోంచి సొంత తూకంరాయి తీసి ఆయన కాంటా మీద పెట్టాడు. కాంటా సరిగ్గానే ఉంది. రామేశ్వర్ నవ్వి ఊరుకున్నాడు గానీ, లోపలి గదిలోంచి చూసిన చెల్లెలు ఊరుకోలేదు. ఆ తర్వాత రాఖీ పండుగకు కూడా పుట్టింటి గడప తొక్కలేదు.

అలాంటిది, కూతురు భవాని పెళ్లి కుదరగానే తనే ఆటో కట్టించుకుని వచ్చింది. అన్నకూ, వదిన బుచ్చవ్వకూ బొట్టు పెట్టింది.

"పిల్లను మేనమామనే చెయ్యి పట్టుకొని మండపానికి తోల్కరావాలె. నువ్వు రాకుంటె నా బిడ్డ గదిలకెళ్లి బయట అడుగు పెట్టదన్నా," అంది.

ఆమె ఆటో మలుపు తిరిగాక రాజమల్లయ్య పెరట్లోకి పోయి కండ్లు తుడుచుకున్నాడు. మరునాడే సిద్దిపేట పోయి మేనకోడలికి పట్టుచీర కొన్నాడు. అంచులోంచి ఒక పోగు పీకి అగ్గిపుల్లతో కాల్చి చూశాకే కొన్నాడనుకోండి, అది వేరే సంగతి.

అంతా కుదుటపడిందనుకునేలోపు, పెళ్లికి ముందురోజు చెల్లెలి కొడుకు ఆకాశ్ ఆయన ఫోనుకు ఒక బొమ్మ పంపించాడు. నలుపు తెలుపు గళ్లు, చక్కెర డబ్బాకు చీమలు పట్టినట్టు. వెంటనే ఫోన్ చేసి విషయం చెప్పాడు. పిలవని వాళ్లు కూడా భోజనాలకు జొరబడుతున్నారని ఫంక్షన్ హాల్ వాళ్లు గేటు దగ్గర మనిషిని పెట్టారట. ఈ క్యూఆర్ కోడ్ చూపిస్తే స్కాన్ చేసి లోపలికి పంపిస్తారట. మామకూ అత్తకూ కలిపి ఇది ప్రత్యేకంగా చేయించిందట, ఇంకెవరికీ ఇవ్వొద్దట.

ఆ "ప్రత్యేకం" అన్న మాట రాజమల్లయ్య గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. అందరికీ ఒకటే అయితే సరే. తనకొక్కడికే వేరే ఎందుకు? కాంటా సంగతి రామేశ్వర్ అంత తేలిగ్గా మర్చిపోతాడా? గేటు దగ్గర ఆపేసి, చుట్టాలందరి ముందు దొంగలా నిలబెట్టి, ఆనాటి కసి తీర్చుకుంటే? ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే అదీ వంకరగానే కనబడింది. బొట్టు పెట్టి పిలిచిన చెల్లెలిని నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతావని బుచ్చవ్వ తల కొట్టుకుంది. బొట్టు చెల్లెలు పెట్టింది గానీ కోడ్ వాళ్లు పంపించారు కదా అన్నాడాయన. బుచ్చవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టింది.

తెల్లారగానే ఆయన పక్కింటి సారయ్య దగ్గరికి పోయాడు. సారయ్య తాళ్లెక్కి కల్లు గీసే మనిషి, ఎవరేం చెప్పినా ఊ అంటాడు. ఎలాగూ ఆ రోజు ఏదో పనిమీద సిద్దిపేటకే పోతున్నాడు. రాజమల్లయ్య ఆ బొమ్మను అతని ఫోనులోకి పంపించి సంగతి చెప్పాడు.

"నువ్వు ముంగట పోయి చూపెట్టు. లోపటికి పంపితె ఫోన్ కొట్టు, వస్త. ఆపిన్రనుకో, చెరువుకట్ట కాడికెళ్లే ఇంటికి మర్లుత."

గుప్పెడు గింజలు తడిబట్టలో కట్టినంత నిమ్మళంగా ఉంది ఆయనకు.

సిద్దిపేటలో ఫంక్షన్ హాల్‌కు దగ్గర్లోని కోమటి చెరువు కట్ట మీద మొగుడూ పెళ్లాలు చీర సంచి మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఫోను రాదు. తను చేస్తే సారయ్య ఎత్తడు. మొదట ఆపేశారేమో అనుకున్నాడు. తర్వాత పంపించే ఉంటారు, వాడు విస్తరి ముందు కూర్చుని తనను మర్చిపోయాడు అనుకున్నాడు. నమ్మి పంపినవాడి మీద కూడా అనుమానం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎండ ముదురుతుంటే బుచ్చవ్వ లేచి కొంగు దులిపింది. ముహూర్తం దాటిపోతుంది, నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోయి పిల్ల చెయ్యి పట్టుకుంటానని నడక మొదలుపెట్టింది. చేసేది లేక ఆయనా వెంట నడిచాడు.

గేటు దగ్గర ఫోను పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. రాజమల్లయ్య చూపించిన కోడ్‌ను స్కాన్ చేసి, మళ్లీ చేసి, తల ఎత్తింది.

"తాతా, గీ కోడ్ మీద మనిషి ఎప్పుడో లోపటికి పోయిండు."

తను పెళ్లికూతురి మేనమామనని చెప్పుకున్నాడు. మేనమామ ఎప్పుడో వచ్చాడని, డప్పులతో తీసుకుపోయారని ఆ పిల్ల జవాబిచ్చింది. అని, ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. కొత్త విత్తనాల సంచిని రాజమల్లయ్య ఎలా చూస్తాడో సరిగ్గా అలాగే చూసింది. ఆయన చెవులు వేడెక్కాయి. వెనక నిలబడ్డ చుట్టాలు జరగండి జరగండి అంటున్నారు. దేనికి భయపడ్డాడో అదే జరిగింది, అదీ తన చేతులారా. బుచ్చవ్వ ఆడబిడ్డకు ఫోన్ చేసింది.

స్వరాజ్యలక్ష్మి వచ్చింది. చేతిలో హారతి పళ్లెం ఉంది గానీ కర్పూరం లేదు, నల్లటి మసి మిగిలింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆకాశ్ చేసిన ఆ ప్రత్యేకం ఏమిటంటే, మామ కోడ్ గేటు దాటగానే తల్లి ఫోను మోగుతుంది, అంతే. అన్న వచ్చాడని తెలియగానే ఎదురు పోవాలని ఆమె పొద్దుటి నుంచి హారతి సిద్ధం చేసుకుని కూర్చుంది. ఫోను మోగింది. మోకాళ్ల నొప్పులు మర్చిపోయి, డప్పులోళ్లను వెంటబెట్టుకుని, కర్పూరం వెలిగించి మెట్ల దాకా ఉరికింది. పళ్లెం ఎత్తి చూస్తే ఎదురుగా సారయ్య, బిక్కచచ్చిపోయి. అతనికి అబద్ధం చేతకాదు, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ముట్టించిన హారతిని ఆర్పకూడదని ఆమె సారయ్యకే తిప్పి, భోజనానికి పంపింది. రాజమల్లయ్యకు ఫోన్ చేసే ముఖం లేక పాపం సారయ్య ఆ విస్తరి ముందు ముద్ద దిగక కూర్చున్నాడు.

"అమ్మా, ఈయన మీ అన్ననేనా?" అని గేటు దగ్గరి పిల్ల అడిగింది.

స్వరాజ్యలక్ష్మి పళ్లెం మరో చేతికి మార్చుకుని అన్న వైపు తిరిగింది.

"మా అన్ననే బిడ్డా, పంపియ్యి," అంది. తర్వాత ఆయనకొక్కడికే వినబడేలా అంది. "ఇత్తులనైతె మొలక కడ్తరన్నా. తోడవుట్టినదాన్ని గూడ కడ్తరా?"

మళ్లీ ఒక్కసారి కర్పూరం ముట్టించు చెల్లె అని రాజమల్లయ్యకు అడగాలనిపించింది. ఏ ముఖంతో అడుగుతాడు? నడువు, పిల్ల గదిలో ఎదురుచూస్తోందని ఆమె ముందు నడిచింది.

మెట్ల దగ్గర డప్పులోళ్లు డప్పులు పక్కన పెట్టి చాయ్ తాగుతున్నారు. చీర సంచి గుండెకు పట్టుకుని వస్తున్న ఆ ముసలాయన ఎవరో వాళ్లకు తెలియదు. ఒకతను కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాడు.