మహానందిలో ఎవరూ దొంగిలించని చెప్పులు

కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో నేను ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. నలభై ఎనిమిదో ఏట బీపీ వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి, "చేతులకు ఏదైనా పని పెట్టుకోండి సార్, మనసు కుదురుకుంటుంది" అన్నాడు. ఆయన ఉద్దేశం బహుశా మొక్కలకు నీళ్లు పోయడం. నేను ఇంటికొచ్చి ఫోను తెరిస్తే, గడ్డం పెంచుకున్న ఒక విదేశీయుడు ఒక్క మాట మాట్లాడకుండా పదిహేను నిమిషాల్లో తోలుతో పర్సు కుట్టేశాడు. అతని ముఖంలో ఉన్న శాంతి మా స్టాఫ్ రూములో ఎవరి ముఖంలోనూ నేను చూడలేదు. నాకు పర్సు అక్కర్లేదు, ఆ ముఖం కావాలనిపించింది.

వారం తిరిగేసరికి కొరియరులో పనిముట్లు దిగాయి. తోలు కోసే కత్తులు, గుచ్చే సూదులు, మైనం పూసిన దారం, చెక్క సుత్తి. చెన్నై నుంచి చుట్ట చుట్టిన తోలు ఒకటి వచ్చింది. దాన్ని కోయడానికి సరైన పీట లేక చపాతీ పీట తీసుకున్నాను. మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి చూసింది.

"ఆ పీట మింద రేపు చపాతీ చేస్తే తినేది ఎవురు?" అంది.

"కడుగుతాలే."

"కడగొద్దు. అది మీకే ఇచ్చేసినా. నేను కొత్తది తెచ్చుకుంటా."

మాది నేత కుటుంబం. నాన్న బతికినన్నాళ్లూ కోడుమూరులో మగ్గం నేశాడు. అమ్మ ఇప్పటికీ మా అన్న దగ్గర అక్కడే ఉంటుంది. నేను తోలు పట్టానని తెలిసి ఫోను చేసింది. తిడుతుందని సిద్ధపడ్డాను. ఆమె మాత్రం, "మీ నాయన చెప్పి చెప్పి సచ్చినాడు గదరా, ఒక్కనాడన్నా మగ్గం గుంటలోకి దిగినావా? నూలుకు నొచ్చిన చేతులు తోలుకు నొస్తాల్యా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది.

మొదటి ఏడాది నేను చేసినవన్నీ నాకు గొప్పగానే కనిపించాయి. నా పర్సు ఎంత మందంగా వచ్చిందంటే, వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే ఎడమవైపుకు ఒరిగిపోయేవాడిని. బస్సులో పక్క సీటాయన, నేను ఆయన భుజం మీద నిద్రపోతున్నానని రెండుసార్లు లేపాడు. బెల్టుకు కొలిచి రంధ్రాలు వేశాను. నెల రోజులకు తోలు సాగింది, రంధ్రాలన్నీ నడుము దాటి ముందుకు పోయాయి. మా బావమరిదికి కళ్లద్దాల పెట్టె చేసిచ్చాను. కళ్లద్దాలు అందులోకి చక్కగా వెళ్లాయి. బయటికి రావడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

బంధువుల ఇళ్లల్లో ఏ శుభకార్యమైనా నా కానుక తోలుదే. అందరూ తీసుకున్నారు, తిప్పి చూశారు, "శానా బాగుండాది, ఎంత ఓపిక మీకు" అన్నారు. ఆ తర్వాత ఆ వస్తువు ఎవరి చేతిలోనూ, ఎవరి నడుముకూ నాకు కనిపించలేదు. బావమరిదిని అడిగితే, "వాడితే పాడైపోతాదని బీరువాలో పెట్టినా బావా" అన్నాడు. నేను నమ్మాను. కర్నూలు జిల్లాలో నా వస్తువులు పెట్టని బీరువా లేదని కొంతకాలం గర్వపడ్డాను కూడా.

కాలేజీ వార్షికోత్సవంలో నాకు సన్మానం చేశారు. స్టేజీ మీద ఒక బల్ల వేసి నా పర్సులు, కీచైన్లు పరిచారు. ప్రిన్సిపాల్ శ్రమ గౌరవం గురించి మాట్లాడాడు. "చేత్తో తోలు కుట్టే కళ మన దగ్గర పూర్తిగా అంతరించిపోయింది. మన సార్ దాన్ని ఒంటిచేత్తో బతికిస్తున్నారు" అని శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక, కాలేజీ గేటు పక్క నుంచి టకటకమని సుత్తి చప్పుడు వినిపించింది. మా అందరి చెప్పులూ కుట్టే పెద్దాయన పని చేసుకుంటున్నాడు. నేను ఆ కాలేజీలో చేరకముందు నుంచీ ఆయన అక్కడే కూర్చుంటున్నాడు. ఆ చప్పుడు నాకు తప్ప ఇంకెవరికీ వినబడినట్టు లేదు. వినబడినా, తోలు కుడుతున్న చప్పుడని తోచి ఉండదు.

మర్నాడు కొంచెం సిగ్గుతోనే ఆయన దగ్గరికి వెళ్లాను. చెప్పులు చేయాలని ఉంది, నేర్పమని అడిగాను. ఆయన నేను చూపించిన పర్సు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వంచి చూశాడు.

"దేనికి సార్ మీకు ఈ పని? జీతం చాల్తాలేదా?"

"అట్లేం కాదు పెద్దాయనా. ఇది హాబీ. అంటే, దుడ్ల కోసం కాకుండా ఇష్టానికి చేసేది."

ఆయన పర్సు తిరిగి నా చేతిలో పెట్టాడు. "అట్లయితే నాది గూడా అదే అనుకోండి. ఈ గేటు కాడ కూర్చుంటే దుడ్లేం రాల్తాండాయి."

అయినా నేర్పాడు. ఒక పాత చెక్క పాదం ఇచ్చి, దాని మీద తోలు ఎలా సాగదీయాలో చూపించాడు. అడుగున మూడు పొరల తోలు అట్ట, పైన రెండు పట్టీలు, బొటనవేలికి ఒక ఉంగరం. ఆయనకు ఒక పూట పని. నాకు రెండు నెలలు పట్టింది. చివర్లో కుట్టు చూసి, "ముడి లోపలికి పెట్టినారే" అన్నాడు. ఆ గడ్డపు విదేశీయుడు అలాగే పెట్టాడని చెప్పాను. "ఆయప్పకు తెలిసే ఉంటాది లెండి" అని తన పనిలో పడ్డాడు. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

ఆ చెప్పులు నడిస్తే కిర్రుమనేవి. నేను కారిడారు మొదట్లో ఉండగానే చివరి క్లాసు వరకూ తెలిసిపోయేది. ఆ నెల యూనిట్ టెస్టులో ఒక్కడూ కాపీ కొడుతూ దొరకలేదు. పిల్లల్లో మార్పు వచ్చిందని ప్రిన్సిపాల్ మురిసిపోయాడు.

అప్పటికి నాలో ఒక అనుమానం మొదలైంది. సన్మానం చేసినవాళ్లెవరూ నా దగ్గర ఒక్క వస్తువు కావాలని అడగలేదు. బంధువులు నిజం చెప్పరు. తోటి లెక్చరర్లు అంతకన్నా చెప్పరు. మా ఆవిడ చెబుతుంది గానీ, ఆమెకు చపాతీ పీట కోపం ఇంకా తగ్గలేదు. మరి ఈ లోకంలో ఒక జత చెప్పుల విలువను పక్షపాతం లేకుండా చెప్పగలిగేదెవరు? ఆలోచించగా ఆలోచించగా తేలింది, చెప్పుల దొంగ. అతనికి నేనెవరో తెలియదు, నన్ను నొప్పించకూడదన్న మొహమాటం ఉండదు. అంతకుముందు ఏడాది మహానందిలో నా కంపెనీ చెప్పులు దర్శనం అయ్యేలోపే మాయమయ్యాయి. అక్కడ పరీక్ష గట్టిగా జరుగుతుందని నాకు నమ్మకం.

కార్తీక సోమవారం మహానందికి పోదామంటే మా ఆవిడ నా వైపు అదోలా చూసింది. "మీకు దేవుడు యాపొద్దు గుర్తొచ్చినాడు?" అంది. బీపీ తగ్గాలని మొక్కుకున్నానని చెప్పాను. నంద్యాల మీదుగా బస్సులో వెళ్లాం. దారి పొడుగునా ఆమె అరటితోటలు చూసింది, నేను నా కాళ్లు చూసుకున్నాను.

గుడి ముందు చెప్పుల స్టాండు ఉంది. ఆమె అటు నడవబోతే ఆపాను. "క్యూ ఉంది, ఈడనే ఇడుద్దాం" అని స్టాండుకు నాలుగడుగుల అవతల, దారి పక్కనే, ఎవరికైనా కనిపించే చోట విడిచాను. దొంగకు తిప్పుకునే శ్రమ లేకుండా బయటివైపు తిప్పి పెట్టాను. ఆమె తన రబ్బరు చెప్పులు వాటి పక్కన వదిలింది. అవి రెండేళ్లుగా వాడుతున్నవి, మడమ దగ్గర అరిగిపోయినవి.

కోనేట్లో నీళ్లు అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. నా మనసు మాత్రం బయటే ఉంది. శివుడి ముందు నిలబడి కళ్లు మూసుకుని, స్వామీ, నా చెప్పులు పోయేలా చూడు అని మొక్కాను. ఆ రోజు ఆయనకు అలాంటి కోరిక ఇంకొకటి వచ్చి ఉండదు.

బయటికి వచ్చాం. నా చెప్పులు అక్కడే ఉన్నాయి. మా ఆవిడవి లేవు.

నేను వంగి నా చెప్పుల్ని తిప్పి చూశాను. ఆమె చుట్టూ వెతుకుతోంది. స్టాండు దగ్గర కూర్చున్న ఒక నడివయసు ఆమె మమ్మల్ని గమనిస్తూ ఉంది.

"ఏమప్పా, ఆ తోలువి నీవేనా?" అని పిలిచింది.

అవునన్నాను.

"ఒకాయప్ప వచ్చి ఏసుకున్యాడు. నాలుగడుగులు పోయినాడు. నిలబడినాడు. కిందికి సూసుకున్యాడు. మళ్లా వచ్చి ఎట్లుండెనో అట్లనే ఇడిసిపెట్టి, పక్కన ఉండే రబ్బరువి సంకలో పెట్టుకొని పాయె. ఇంట్లో ఆడోళ్లకు పనికొస్తాయనుకున్యాడేమో."

"మరి నువ్వు ఆపలేదా?" అని మా ఆవిడ అడిగింది.

"నా కాడ ఇడిసినోళ్లవి నేను కాస్తాండా. దారిలో ఇడిసినోళ్లవి దేవుడు కాస్తాడు."

నాకు తెలియాల్సింది అది కాదు. "ఆయన నిలబడినప్పుడు ఏ కాలు ఎత్తినాడమ్మా?" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. కుంటుతూ నడిచాడా, ముందు వేళ్ల దగ్గర చూసుకున్నాడా, మడమ దగ్గరా, ఏమైనా అన్నాడా? ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, నా వెనకున్న మా ఆవిడతో, "ఈయప్పకు బాగలేదామ్మా?" అంది.

మా ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకు వచ్చామో ఆమెకు అప్పుడు అర్థమైంది. నవ్వడం అయ్యాక చెయ్యి చాపి, "ఇటు ఇయ్యండి అవి. నేను ఉత్తకాళ్లతో నడ్సలేను" అంది. నా చెప్పులు ఆమె వేసుకుంది. బస్సు ఆగే చోటిదాకా నేను కంకర మీద ఉత్తకాళ్లతో నడిచాను. ఉచితంగా దొరికినా దొంగకు వద్దనిపించిన వస్తువును తయారు చేసినవాడు ఈ సీమలో నేనొక్కడినే అయ్యుండాలి అనుకుంటూ నడిచాను.

సగం దారిలో ఆమె ఆగి, వంగి, కుడి చెప్పులో వేలు పెట్టి తడిమింది.

"ఈడ బొటనేలు కింద ముడి పొడుస్తాండాది. ఎడమది ఒక వేలు వెడల్పు ఎక్కువుండాది. పట్టీ బాగుండాది. తోలు మంచిదే. ఆ దొంగ తప్పేం ల్యా."

రెండేళ్లలో నా పని గురించి నాకు దొరికిన మొదటి నిజమైన మాటలు అవి. బస్సులో వాటిని ఒక కాగితం మీద రాసుకున్నాను.

మర్నాడు ఆ కాగితంతో గేటు దగ్గరికి వెళ్లి, ముడి లోపలికి, కాలి వైపు పెట్టడం తప్పని ముందే ఎందుకు చెప్పలేదని పెద్దాయనను అడిగాను. "చెప్తే మీరు ఆ ఫోన్లో ఆయప్ప పేరు చెప్తాంటిరి. కాలు చెప్తే ఇంటారని ఊరుకున్యా" అన్నాడు. కుట్టు మొత్తం విప్పించాడు. ముడి ఎటు తిప్పి అట్టల మధ్య దాచాలో మూడుసార్లు చూపించాడు. ఆ సేపంతా నేను ఫోను జేబులోంచి తీయలేదు.

తర్వాత నేను చేసిన జత మా ఆవిడకు. కాగితం మీద ఆమె పాదం పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశాను, టేపుతో మడమ నుంచి వేలి దాకా కొలిచాను. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ కాలి చిటికెన వేలు కొంచెం వంకరని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె చక్కిలిగింతలకు నవ్వుతూనే షరతులు చెప్పింది. కిర్రుమనకూడదు, నల్లరంగు వద్దు, మడమ కొంచెం ఎత్తుండాలి, తన దగ్గర డబ్బా కొట్టుకోకూడదు. ఆరు వారాలు పట్టింది. వేసుకుని వరండాలో అటూ ఇటూ నడిచి, సంచీ తీసుకుని కూరగాయలకు వెళ్లిపోయింది. రోజూ అవే వేసుకుంటోంది.

ఒకరోజు పక్కింటామె వాటిని చూసి యాడ కొన్నావని అడగడం కిటికీలోంచి విన్నాను. కిటికీకి ఇంకొంచెం దగ్గరగా జరిగాను.

"టౌన్లో ఏదో షాపులో. పేరు గుర్తు ల్యా" అంది మా ఆవిడ.

ఆమె లోపలికి వచ్చాక అడిగాను, నేను చేశానని ఒక్క మాట చెబితే ఏం పోయేదని.

"చెప్తే ఆమె గూడా ఒక జత అడుగుతాది," అంది, కూరలు సంచీలోంచి తీస్తూ. "అప్పుడు ఆమె కాలు కొలిచేది ఎవురు?"