కొత్త మూటలోని గడ్డి గింజలు

మా నాయన అంగట్లో పాత సరుకు ముందర ఉండేది, కొత్త సరుకు వెనక. ఏ కొట్లో అయినా అంతే. అడిగినవాడికి ముందరి మూట విప్పుతారు. తెలిసినవాడు మాత్రం "ఎనకది తియ్యి" అంటాడు. పలమనేరు బజారులో గోనెసంచుల మీద పొర్లాడి పెరిగినదాన్ని, నాకు ఈ సంగతి పాలపళ్ళు ఊడకముందే తెలుసు. నేను బేరానికి పోతే అంగడివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని మావాళ్ళలో పేరు. ఆ పేరు పుట్టించిందీ నేనే, ఊరంతా తిప్పిందీ నేనే.

అందుకే అక్క నన్ను పిలిచింది.

అక్కను పలమనేరు అవతల ఒక పల్లెలో సేద్యగాళ్ళ ఇంటికి ఇచ్చినారు. బావ పోయినాక ఆమెకు మిగిలింది రెండు ఆవులు, గుట్ట కింద కాస్త గరుసు నేల. కేంద్రానికి పాలు పోస్తేనే పొయ్యి మీదికి ఎసరు. ఆ ఏడు బోరు ఎండింది. నీళ్ళు కట్టి పెంచే పచ్చగడ్డి మడి వారంలో చాప మాదిరి అయిపోయింది. పశువుల డాక్టరు ఒక దారి చెప్పినాడంట, అంజన్ గడ్డి అని. బీళ్ళలో దానంతట అది మొలిచే జాతి. ఒకసారి వేరు పట్టిందంటే నాలుగు చినుకులకే లేస్తుంది, ఎంత ఎండకూ చావదు. తొలివానకు చల్లుకుంటే ఆవులు నిలుస్తాయి. మేత కొని పెట్టే తాహతు అక్కకు లేదు.

"ఏమ్మే, ఆ గింజలు తిరుపతిలో దొరుకుతాయంట. నన్నయితే ఏమారస్తారు. నువ్వు పోయి తే" అనింది.

తిరుపతిలో విత్తనాల అంగడాయన ముందరి మూట విప్పినాడు. పిల్లి తోక దువ్వితే రాలిన బొచ్చు మాదిరి ఉన్నాయి గింజలు. చెయ్యి మూట అడుగుదాకా దూర్చి, కొన్ని తీసి, మూతి తిప్పినాను.

"ఇది ఎప్పటిదన్నా?"

"పోయినేటిదమ్మా."

"పోయినేటి సరుకు నాకు అంటగడతావా? నేనూ అంగట్లో పుట్టినదాన్నే. ఎనక ఇంకో మూట ఉండాది కదా, అది తియ్యి."

"అది ఇప్పుడిప్పుడే దులిపిందమ్మా, అది..."

"అదే కావాల."

"ఒక్క మాట ఇనండమ్మా..."

"ఆ మాటేదో ధరలో చూపించన్నా."

ఆయన వెనకనున్న మూట లాగి తూచినాడు. ధర కూడా తగ్గించినాడు. పాతదాని ధరకే కొత్తది! బస్సులో మూటను చంటిబిడ్డ మాదిరి ఒళ్ళో పెట్టుకొని, పలమనేరు దాకా నన్ను నేనే మెచ్చుకుంటా వచ్చినాను.

తొలివాన పడింది. ఆ బొచ్చు గాలికి ఎగిరిపోకుండా తడిమన్నులో కలిపి, అక్క ముందర, నేను వెనక చల్లుకుంటా పోయినాము. మళ్ళీ వాన పడింది. పల్లేరు మొలిచింది, వయ్యారిభామ మొలిచింది. మా గడ్డి పోచ ఒక్కటి లేదు. పక్క చేని పెద్దాయన గట్టు మీద నిలబడి, "ఏం పాపా, గింజలు సల్లినారా, పూడ్సిపెట్టినారా?" అన్నాడు. అక్క నవ్వింది. దినామూ తెల్లవారి పోయి నేల మీద వంగి చూసి వచ్చేది. ఆవుల డొక్కలు లోపలికి పోతా ఉన్నాయి.

కొట్లాడదామని మళ్ళీ తిరుపతికి పోయినాను. అంగడాయన నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగినాడు.

"ఈ కసువు గింజ కొత్తగా ఉంటే మొలవదమ్మా, నిద్దరలో ఉంటాది. ఏడాది మూలన పడుంటేనే మేలుకుంటాది. అందుకే పాతది ముందర పెట్టింటి. సెప్పబోతే మీరు సెప్పనిస్తిరా?"

"ఆ పాతదే ఇయ్యన్నా" అన్నాను. గొంతు నాకే కొత్తగా ఉంది.

"అయిపాయ. సల్లినోళ్ళు మొలిసిందని ఇంకొకరికి సెప్పి, అంతా కొనుక్కోని పోయిరి."

జరిగింది చెబితే అక్క చాటలో రాళ్ళు ఏరుతానే అనింది, "పోనీలే మే. నేను పోయింటే నేనూ కొత్తదే అడిగిందును. మనమిద్దరం ఒక అంగట్లో పుట్టినోళ్ళమే కదా."

ఆవులను కొనే మనిషి వచ్చినాడు. నేను పాల గురించి, సాధుతనం గురించి గొప్పలు చెబుతా ఉంటే, అక్క మధ్యలో దూరి, "ఈ పెద్దావుకు ఎడమ పక్క కూసోవద్దప్పా, తంతాది" అనేసింది. నేను గిల్లినా ఆగలేదు. "దానికి చెనిక్కాయ పొట్టంటే పానం, ఒక పిడికెడు ఏస్తే సాలు, కదలదు" అని కూడా చెప్పింది.

మరుసటేడు అక్క బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతా ఉండింది. ఆ తొలివానకు గరుసు నేలంతా అంజన్ గడ్డి లేచింది, మోకాలెత్తు, గుబురుగా. నేను ఎగిరి గంతేసినాను. "అక్కా, ఏదో ఒకటి చేసి ఒక ఆవును తెచ్చుకుందాం!"

"దానికి తాగను నీళ్ళు యాడివి మే? పోయినేడు కొళాయి నీళ్ళు మోసి పోస్తి. ఇప్పుడు పంచాయతీ బోరూ పాయ. ట్యాంకరు వస్తే మనుషులకే సాలదు. కసువంటే నీళ్ళు ల్యాకుండా బతుకుతాది."

ఎవరివో మేకలు వచ్చి పడి మేస్తా ఉంటే కట్టె తీసుకున్నాను.

"ఉండనీ, తిననీ. నాకు బస్సుకు టైమయిపాయ" అని అక్క టిఫిన్ డబ్బా పట్టుకొని రోడ్డుకేసి నడిచింది. మామిడికాయలు ఇంకో నెల వస్తాయంట. ఆ పైన ఫ్యాక్టరీ మూస్తారు.