నాలుగో లేన్ ఆఖరి కార్డు

మొన్న వినాయకచవితికి ముందురోజు రాజమండ్రి మార్కెట్లో మట్టి బొమ్మ బేరం చేస్తుంటే, అమ్మే ఆవిడ తడిగుడ్డ తీసి బొమ్మను నా చేతిలో పెట్టింది. పచ్చి బంకమట్టి వాసన తగలగానే నాకు దేవుడు గుర్తుకు రాలేదు. కడియం రోడ్డు పక్కన ఒక పాత నూనెమిల్లు గోడౌను, అందులో వరుసగా ఆరు మట్టి పెట్టెలు, వాటి ముందు నిలబడి ఒక కార్డును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్న ప్రసాదరావు మాస్టారు గుర్తుకొచ్చారు. ఆ కార్డుకు రెండు చిల్లులు ఉండాలి. ఒకటే ఉంది. చాలాసేపు చూసి, ఎదురుగా నిలబడ్డ ఇరవయ్యేళ్ళ హారికతో ఆయన, "కనపడనిది నేను ఇవ్వలేనమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నా చేతిలో ఉన్న రిజిస్టరు వైపు చూశాను.

ఆ గోడౌను మా ఎయిర్ రైఫిల్ క్లబ్బు. గాలి ఒత్తిడితో పెసరగింజంత సీసపు పెల్లెట్‌ను విసిరే తుపాకి అది. పది మీటర్ల అవతల ఒక కార్డు, దాని నడుమ ఆవగింజంత కూడా లేని చుక్క. ఆ చుక్కకు తగిలితే పది పాయింట్లు. కార్డును తాడు మీద బిగించి, కప్పీతో అవతలికి పంపుతాం; కాల్చాక తాడు లాగితే వెనక్కి వస్తుంది. కార్డు వెనక చెక్కపెట్టె నిండా బంకమట్టి, ఒక్కొక్కరు కాల్చే లేన్‌కు ఒక పెట్టె. దాటి వచ్చిన సీసం అందులో దిగబడుతుంది. నెలకోసారి మాస్టారు మట్టి తవ్వి, కడిగి, సీసం వేరుచేసి, పెట్టెలకు కొత్త మట్టి పెట్టేవారు. ఆ పని ఇంకొకరిని చేయనిచ్చేవారు కాదు. లూథరన్ బడిలో ముప్పయ్యేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి అయ్యాక అదే తెల్లచొక్కాతో గోడౌనుకు వచ్చి, చేతులు మోచేతుల దాకా మడిచి మట్టిలో కూర్చునేవారు.

నేను జిల్లా పేజీకి క్లబ్బు గురించి నాలుగు ముక్కలు రాసుకుపోదామని వెళ్ళి అక్కడే ఉండిపోయినవాణ్ణి. మొదటి నెలంతా మాస్టారు నాకు తుపాకి ఇవ్వలేదు, నిలబడమన్నారంతే. రెండో నెల ఇచ్చారు గానీ ఒక షరతు పెట్టారు. పేల్చాక కార్డు చూడకముందే, అది ఎక్కడ తగిలిందో నోటితో చెప్పాలి. మొదట్లో నేను ధైర్యంగా "పది" అనేవాణ్ణి. కార్డు వచ్చేసరికి చిల్లు ఎక్కడో అంచున ఉండేది. ఆయన నవ్వేవారు కాదు.

"తెలియకపోతే తెలియదనండి విలేఖరి గారూ. మీ పేపర్లో ఆ మాటకు చోటు లేదేమో గానీ ఇక్కడ ఉంది."

తర్వాత నా వార్తల్లో మార్పు నాకే కనపడింది. చూడనిది చూసినట్టు రాసే అలవాటు తగ్గింది. ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి, ఎలా జరిగిందో ఎవరికీ తెలియకపోతే, తెలియదనే రాశాను. డెస్కులో విసుక్కున్నారు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఏ ఎడిటరూ నేర్పనిది ఒక డ్రిల్లు మాస్టారు నేర్పారని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి కాస్త తడబడుతున్నాను.

హారిక భీమవరం అమ్మాయి. వాళ్ళ నాన్నకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడ ఇంజినీరింగ్ చదువుతూ మా క్లబ్బులో చేరింది. మొదటి రోజే పెద్ద పెట్టె మోసుకొచ్చింది. అందులో నీలం రంగు అల్యూమినియం రైఫిలు, అట్టలా బిగుసుకున్న కోటు, అలాంటిదే ప్యాంటు, అడుగు చదునుగా ఉన్న బూట్లు, ఒక చేతికే ఎర్ర గ్లౌజు. అవన్నీ తొడుక్కుని, ఫోనును స్టాండు మీద నిలబెట్టి, బాతులా నడుచుకుంటూ నాలుగో లేన్లోకి వెళ్ళింది. మా సీనియర్లందరివీ చెక్క తుపాకులు, ఇంటి చొక్కాలు. కాంట్రాక్టరు మూర్తి గారు ఊరుకోలేదు.

"ఏవమ్మా, ఇక్కణ్ణించి నేరుగా చంద్రుడి మీదకా?"

"లేదంకుల్, పది మీటర్లే. మీ కళ్ళజోడుకి అంత దూరంగా కనపడుతోందా?"

అందరూ నవ్వారు, మూర్తి గారితో సహా. తనేమీ తక్కువ తినలేదు. మాస్టారి చెక్క రైఫిలును అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నిజంగా పేలుతుందా మాస్టారూ, గోడకు తగిలించేదా అని అడిగింది. వెనకాల మాత్రం మాటలు వేరేగా ఉండేవి. గురి పిల్లది కాదు, కోటుది. ఫోన్లో ఆటలాడి వచ్చినవాళ్ళు. వీడియో కోసం తప్ప ఆట కోసం కాదు. నేను వాటిని విన్నాను, నవ్వాను, చివరికి ఒక ఆదివారం నా శీర్షికలో సరదాగా రాసేశాను కూడా. పేర్లు పెట్టలేదు. ఈ కాలం పిల్లల తుపాకి కంటే కోటు బరువని రాశాను.

మాస్టారు ఆ కాగితం మడిచి పట్టుకుని వచ్చారు. మూలనున్న ఇనప్పెట్టె తెరిచి, బూజు పట్టి తోలు పగిలిన కోటు ఒకటి తీసి నాకు తొడిగారు. బెల్టు బిగించి నిలబడమన్నారు. అది జూన్ నెల. పావుగంటకు చెమట కళ్ళలోకి దిగింది. విచిత్రమేమిటంటే నేను కదలకుండా నిలబడలేదు సరికదా, చొక్కాలో ఉన్నప్పుడు తెలియని ప్రతి కదలికా అందులో తెలిసింది. నా గుండె కొట్టుకుంటుంటే తుపాకి మొన ఎగిరిపడటం మొదటిసారి చూశాను.

"కోటు నిలబెట్టదండి. మీరు ఎంత ఊగుతున్నారో చెబుతుంది, అంతే."

ఇదెవరిదని అడిగితే, నాదే అన్నారు. వయసులో ఉన్నప్పుడు కొనుక్కున్నారట. కోటేసుకున్నవాడు ఆటగాడేంటి అని అప్పటి పెద్దలు అనేవారట. మరి ఎందుకు మానేశారని అడిగితే మట్టి పని ఉందని లేచి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు నేను.

ఆ ఏడాది రాష్ట్ర పోటీలకు మా క్లబ్బు నుంచి మహిళల్లో ఒక్కరినే పంపాలి. ఉన్నది ఇద్దరు: హారిక, లాయరు పద్మావతి గారు. పద్మావతి గారు పదేళ్ళుగా ఉన్న మనిషి, అందరికీ కావలసిన మనిషి. హారికకు అదే ఆఖరి అవకాశమని మా అందరికీ తెలుసు. ఈసారి రాష్ట్రానికి వెళితే ఇంకో ఏడాది ఆడుకోమని, లేకపోతే వచ్చిన ఉద్యోగంలో చేరమని వాళ్ళ నాన్న గట్టిగా చెప్పేశారు. ఆ ఉద్యోగం అప్పటికే బెంగళూరులో ఖాయమై ఉంది.

సెలక్షనుకు వారం ముందు సభ్యులంతా కూర్చుని, ఆ రోజు ఫోన్లు బయట పెట్టాలని తీర్మానించారు. ఎవరి గురించో చెప్పనక్కర్లేదు. హారిక ఫోను ఎందుకు పెట్టుకుంటుందో నాకు తెలుసు. పేలాక తుపాకి మొన ఎటు జారుతోందో వీడియో నెమ్మది చేసి చూసుకునేది. నాకు చూపించింది కూడా. అయినా నేనూ చెయ్యెత్తాను.

సెలక్షన్ రోజు వాన. ఒక్కొక్కరికి అరవై పెల్లెట్లు, కార్డుకు రెండు చొప్పున. నిజానికి కార్డుకు ఒకటే కాల్చాలి. కార్డులు ఆదా అవుతాయని మేము రెండు అలవాటు చేసుకున్నాం. దాంతో ఎప్పుడైనా రెండోది మొదటి చిల్లులోంచే దూరిపోతే కార్డుకు ఒకటే చిల్లు కనపడేది. దాన్ని మేము 'జంట' అనేవాళ్ళం. జంట అవునో కాదో మాస్టారే చెప్పాలి. అంతకుముందు ఏడాది మూర్తి గారికి అలా రెండుసార్లు వస్తే, మాస్టారు కార్డు చూసి జంట అన్నారు, అందరం టీ తాగాం. ఎవరూ ఏమీ అడగలేదు.

కాల్చేవారి వెనక ఒకరు కూర్చుని, ప్రతి పేలుడుకూ రిజిస్టరులో ఒక టిక్కు పెట్టాలి. పొద్దున పద్మావతి గారికీ, తర్వాత హారికకూ ఆ పని నాది. హారిక ఆఖరి కార్డు తాడు లాగేసరికి ఒకటే చిల్లు ఉంది, సరిగ్గా నడుమ. రెండూ పదులైతే ఆమె మూడు పాయింట్లు ముందు. రెండోది లేకపోతే పద్మావతి గారు ఏడు ముందు. ఒకటే కాల్చి కంగారులో తాడు లాగేసి ఉంటుందని మూర్తి గారు అన్నారు. అలా ఇంతకుముందు జరిగింది కూడా. లాగిన కార్డు మీద మళ్ళీ కాల్చే వీలు మా నియమాల్లో లేదు.

మట్టిలో చూద్దామన్నారు మాస్టారు. పెట్టెల్లో కొత్త మట్టి ఉంటే అరవై పెల్లెట్లూ లెక్క తేలేవి. అప్పుడు తెలిసింది. డెబ్బయి నాలుగేళ్ళ మనిషి, ముందురోజు వానలో అయిదు పెట్టెలకే మట్టి సర్దగలిగారు. నాలుగో పెట్టెలో పాత మట్టే ఉంది. అందులో నెల రోజుల సీసం ఉంది.

రిజిస్టరులో టిక్కులు అరవై ఉన్నాయి. అయినా మాస్టారు నా వైపు తిరిగారు. "మీరు విన్నారా, బాబూ? రెండోది?"

పక్క లేన్లలోనూ కాలుస్తున్నారు. పైన రేకుల మీద వాన. పేలుళ్ళు విన్నాను. ఆ చివరి కార్డుకు రెండు విన్నానా అంటే, ప్రమాణం చేయలేను. ఆయన నేర్పిన మాటే ఆయనకు చెప్పాను.

"చెప్పలేనండి."

అప్పుడాయన కార్డు వెలుతురుకెత్తి, ఆ అమ్మాయితో అనవలసింది అన్నారు. నన్ను రిజిస్టరులో సున్నా వేయమన్నారు. వేశాను. హారిక ఏడవలేదు. కోటు బెల్టు విప్పుకుంటూ మెల్లగా, "రెండూ ఒకే చోట పడితే అది నా తప్పా మాస్టారూ?" అంది. పద్మావతి గారు నాకిలా వద్దండి అని రెండుసార్లు అన్నారు. కానీ పేరు వెళ్ళిపోయింది, ఆవిడ వెళ్ళారు, నడిమి స్థానంతో తిరిగొచ్చారు. హారిక మళ్ళీ గోడౌనుకు రాలేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి మాస్టారు నాలుగో పెట్టె ముందు కూర్చుని మట్టి కడుగుతున్నారు. పళ్ళెంలో బూడిదరంగు సీసం గుట్ట.

"మీరు విన్నానంటారనుకున్నాను" అన్నారాయన, తలెత్తకుండా.

"మీరు జంట అంటారనుకున్నానండి" అన్నాను.

ఆయన మట్టి పిసుకుతూనే ఉన్నారు. మూర్తి గారి కార్డులు రెండూ జంటలని ఆయనకెలా తెలిసిందో అడగాలనుకున్నాను. అడిగితే ఆ కోటు దాచుకున్న మనిషిని నేనేదో అన్నట్టవుతుందని ఊరుకున్నాను. ఆయన నియమం ప్రకారమే చేశారా? లేక అంతమంది పెద్దల ముందు కోటేసుకున్న పిల్ల పక్షాన మాట్లాడే శక్తి ఆయనకు ఎప్పుడో పోయిందా? అలా అనుకుంటే ఆ కోటు నాకెందుకు తొడిగినట్టు? ఏళ్ళ తరబడి ఎటు తిప్పి చూసినా ఏదో ఒక అంచు మిగిలిపోతోంది.

ఆ సాయంత్రం రిజిస్టరు బీరువాలో పెట్టబోతూ తెరిచాను. పద్మావతి గారి పేజీలో అరవై టిక్కులు దేనికదే. ఒకటి నిటారుగా, ఒకటి వాలుగా, ఒకటి సిరా చాలక వెలిసిపోయి. ఒక్కొక్క పేలుడు విని ఒక్కొక్కటి పెట్టినట్టు తెలిసిపోతోంది. హారిక పేజీలో టిక్కులు రెండేసి ఉన్నాయి. కలం ఎత్తకుండా ఒకే ఊపులో గీసిన జంటలు, ముప్పై. అంటే నేను వినడం మానేసి, తాడు కదిలినప్పుడల్లా రెండు గీకాను. ఎందుకు? అలసిపోయానా? ఆ సామానంతా ఉన్న పిల్లకు లెక్కెందుకులే అనుకున్నానా? అలా అనుకున్నట్టు నాకు గుర్తులేదు. అనుకోలేదని చెప్పే ధైర్యమూ లేదు. తెలియదు అనే మాటను నేను ఆ రోజు నిజాయితీగా వాడానా, తెలుసుకోవలసిన పని ఎగ్గొట్టి వాడానా? ఆ పేజీ మాస్టారికి చూపించలేదు.

మాస్టారు పోయి రెండేళ్ళు. క్లబ్బు మూతపడింది; రిజిస్టర్లు నా దగ్గరికి చేరాయి. ఆయన కూతురు ఒక రోజు ఇంటికొచ్చి, నాన్న చర్చి పాటల పుస్తకంలో ఇది ఉందండీ, మీదేమోనని తెచ్చాను అని ఒక కార్డు ఇచ్చింది. నాలుగో లేన్, ఆఖరి కార్డు. మాస్టారు చూసిన ప్రతి కార్డు వెనకా పెన్సిలుతో పాయింట్లు వేసి సంతకం పెట్టేవారు. దీని వెనక హారిక పేరుంది, లేన్ అంకె ఉంది. పాయింట్లు లేవు, సంతకం లేదు. భూతద్దం పెట్టి చూశాను. చిల్లు ఒక పక్క వెంట్రుకవాసి సాగినట్టుంది. వానాకాలం చెమ్మకు అట్ట అలా సాగుతుందని కూడా నాకు తెలుసు.

మట్టి బొమ్మ ఇంటికి తెచ్చిన రోజు, ఆ కార్డుకు రెండు వైపులా ఫొటో తీసి హారికకు పంపాను. బెంగళూరు నుంచి గంటలో జవాబొచ్చింది. మాస్టారి గురించి నాలుగు మంచి మాటలు, వాళ్ళ అమ్మాయికి నమస్కారాలు, చివర ఒక వాక్యం: "అంకుల్, నా రిజిస్టరు పేజీ కూడా మీ దగ్గరుంటే పంపరూ."

పేజీ ఉంది. ఫొటో కూడా తీశాను. ఇంకా పంపలేదు.